గోడలోంచి ఎడమకి

జూన్ 2, సోమవారం

కొత్త కారు బుక్ చేశాం. పాతది ఇక లాగదని మెకానిక్ తేల్చేశాడు. రంగు ఏదైనా ఫర్వాలేదన్నాను. సీటు కవర్లు ఏవైనా ఫర్వాలేదన్నాను. ఒక్క విషయం దగ్గరే బండి ఆగిపోయింది. దారి చెప్పే తెర కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చే మోడల్ తీసుకోవాలా, తెర లేని మోడల్ తీసుకుని బయట పెట్టించుకోవాలా? ఇరవయ్యో తేదీ లోపల చెప్పాలట. తర్వాత మార్చడం కుదరదట.

షోరూములో సేల్స్ ఆవిడ కంపెనీదే మంచిదంది. కారుతోపాటే పుట్టినట్టు ఉంటుంది, ఒక్క వైరు కొయ్యక్కర్లేదు, వారంటీకి ఢోకా లేదు అంది. మరిదికి చెబితే నవ్వాడు. కారు సామాన్ల కొట్టు పెట్టుకున్నవాడు నవ్వక ఏం చేస్తాడు!

"కంపెనీది చూడ్డానికి సోకు వదినా. మ్యాపు కొత్తది ఎక్కించాలంటే మళ్ళీ వాళ్ళ గుమ్మమే తొక్కాలి. నా దగ్గర పెట్టించుకో. ఎప్పుడు పాడైనా నేనే వచ్చి చూస్తా."

ఇద్దరు చెప్పిందీ నిజంలాగే ఉంది. నా బాధంతా అదే. ఒకరు అబద్ధం చెబుతున్నారని తెలిస్తే నాకు సుఖంగా నిద్రపడుతుంది.

ఆయనకు కారు సంగతి చెప్పాను. తెర సంగతి చెప్పలేదు. ఏదో ఒకటి తేలాక చెబుదామని. అంతే. వేరే ఏం లేదు.

జూన్ 4, బుధవారం

ఈరోజు ఆరు ఇళ్ళు. అన్నీ పరగడుపున తీయాల్సిన రక్తాలే. రక్తం సీసాల ఐస్ పెట్టె ఆయన ఒళ్ళో, స్టీరింగు నా చేతిలో.

ఆయన కుడికాలు ఇంకా బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. చూపు పోయి ఆరేళ్ళయినా కాలికి ఆ సంగతి తెలియలేదు. అంతకు ముందు సిటీ బస్సు నడిపిన మనిషి. డిపోలో ఆయన్ని రూట్‌మాస్టరు అనేవారు. ఎవరికి ఏ సందు అనుమానమొచ్చినా ఈయన్నే అడిగేవారు. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే, చూపు పోయాక, పక్కన కూర్చుని అరుస్తూ. ల్యాబులో ఈ ఉద్యోగం వచ్చిన రోజు "నువ్వు సూది గుచ్చు, దారి నేను చూసుకుంటా" అన్నారు. అప్పటినుంచీ అలాగే నడుస్తోంది.

"బేకరీ వాసన వస్తోంది, ఇక కుడికి. మెల్లగా, అక్కడ గుంత ఉంటుంది."

గుంత పూడ్చేశారు. నేను మెల్లగానే వెళ్ళాను.

"సినిమా హాలు దాటామా?"

"దాటాం."

హాలు పడగొట్టి రెండేళ్ళు దాటింది. చెప్పి ఏం లాభం? దారి ఎలాగూ అదే కదా.

జూన్ 5, గురువారం

గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళాం. కట్టేసే ఉంది.

జూన్ 9, సోమవారం

ఇవాళ్టి గాభరా ఇంకా పోలేదు. రాస్తే తగ్గుతుందేమో.

రెండో ఇల్లు టీచరమ్మది. ఆవిడ బడి మానేసి చాలా ఏళ్ళయినా వీధంతా అలాగే పిలుస్తారు. షుగరు మనిషి, ఒంటరిగా ఉంటుంది. రాత్రినుంచి ఏమీ తినకుండా మాకోసం కూర్చుని ఉంటుంది. పాత వంతెన మీదుగా పొమ్మన్నారు ఆయన. వంతెన దగ్గరకి వెళ్తే అడ్డంగా రేకులు కట్టేసి ఉన్నాయి. మరమ్మతట. ఎప్పటినుంచి మూసేశారో!

"మూసేశారండీ" అన్నాను.

"అయితే కింద చెరుకు రసం కొట్టు పక్కనుంచి పో."

చెరుకు రసం కొట్టు లేదు. పక్కన సందూ లేదు. పెద్ద అపార్టుమెంటు ఉంది. నేను ఆ మాట చెప్పలేదు. ఇదేనేమో అనుకుని ఇంకో సందులోకి తిప్పాను. అది ఎక్కడికో పోయింది. ఆయన ఒకటి చెబుతారు, నా కళ్ళకి ఇంకొకటి కనబడుతుంది. "సరిగ్గా చూసి చెప్పు, ఎడమవైపు ఏముంది?" అని ఆయన అరుపు. "ఏముందో నాకేం తెలుసు, ఇళ్ళున్నాయి!" అని నా అరుపు. ల్యాబు ఫోను ఒకటే మోగడం.

వెళ్ళేసరికి టీచరమ్మ తలుపు పట్టుకుని కింద కూర్చుని ఉంది. లేచి తలుపు తీస్తుండగా కళ్ళు తిరిగి పడిందట. కనుబొమ్మ దగ్గర తెగింది. పక్కింటావిడ పంచదార నీళ్ళు తాగిస్తోంది. నన్ను చూసి టీచరమ్మ "వచ్చావా అమ్మా, ఇవాళ రారేమో అనుకున్నా" అంది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన కారులోనే ఉన్నారు. వెనక్కి వచ్చాక "ఎలా ఉంది?" అన్నారు.

"బానే ఉంది" అన్నాను.

జూన్ 10, మంగళవారం

మేనేజరమ్మ గదిలోకి పిలిచింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చింది. మంచి కబురు కాదని అప్పుడే తెలిసిపోయింది నాకు.

"ఆంటీ, మీ చెయ్యి మంచిదని పేషెంట్లందరూ మీరే కావాలంటారు. కానీ టైముకి రావడంలేదని కంప్లైంట్లు కూడా మీమీదే. నిన్నటిది చాలా పెద్ద విషయం. నావిగేషన్ ఉన్న బండి పెట్టుకోండి. వచ్చే నెలనుంచి అది లేని బండిని నేను పంపలేను."

పెట్టుకుంటున్నామమ్మా, కారు కూడా బుక్ చేశాం అన్నాను. కంపెనీదా బయటిదా అని అడిగింది. ఆ అమ్మాయి కూడా! ఇంకా తేలలేదన్నాను.

ఇంటికొచ్చాక "ఏమంది?" అని ఆయన అడిగారు. కొత్త దూది వచ్చిందట, తీసుకెళ్ళమంది అని చెప్పాను.

జూన్ 12, గురువారం

కనబడిన ప్రతివాళ్ళనీ అడుగుతున్నాను. అడక్కపోతే బాగుండేది.

ల్యాబులో ఒకావిడ అన్నకి కంపెనీ తెర ఉందట. ఒకరోజు బిగుసుకుపోయిందట. పాటలు, ఏసీ, వెనక కెమెరా, అన్నీ దాంట్లోనే కాబట్టి ఒక్కసారే అన్నీ పడుకున్నాయట. నెల రోజులు విడిభాగం రాలేదట. సరే, బయటిదే అనుకున్నాను. కిందింటాయన బయట పెట్టించాడట. ఏ వైరు ఎక్కడ కలిపారో ఏమో, పొద్దున లేచేసరికి బ్యాటరీ నిల్లట. ఇంకెవరి కారులోనో పొగ కూడా వచ్చిందన్నాడు. ఎవరి కారని అడిగితే ఎవరో చెప్పారన్నాడు.

ఆ పొగ మాత్రం నా తలలోనే ఉండిపోయింది. ఆయన పక్క సీట్లో ఉండగా పొగ వస్తే? ఆయన వైపు తలుపు తాళం ఒకోసారి పట్టేస్తుంది. అది పాత కారు తలుపు కదా. కొత్త కారుది ఎందుకు పట్టేస్తుంది? అయినా.

అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఇంత చిన్నదానికి ఇంత హైరానా ఏంటి? కంపెనీది తీసుకో, అయిపోతుంది. అసలు నాన్నకి చెప్పావా?"

స్టవ్ మీద పాలున్నాయని పెట్టేశాను. పాలు లేవు.

జూన్ 13, శుక్రవారం

ల్యాబు ఫోనులో దారి పెట్టి, ఫోను చేతిసంచిలో దాచి, ఆయనకు అవతలి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్నాను. జుట్టు మీదకి లాక్కున్నాను. ఎవరు చూస్తారని లాక్కున్నానో!

ఇది మోసం కాదు. రేపు తెర వస్తే అలవాటుండాలి కదా. సాధన.

జూన్ 16, సోమవారం

రెండు చెవుల్లో రెండు దారులు. చాలాచోట్ల రెండూ ఒకటే చెబుతాయి. అప్పుడు ప్రాణం లేచొస్తుంది. వేరువేరుగా చెప్పినప్పుడు ఫోను చెప్పినట్టు వెళ్తాను. ఆయనకు మాత్రం "ఆ, తిప్పాను" అంటాను.

ఈరోజు అన్ని ఇళ్ళకీ ముందే వెళ్ళాం. టీచరమ్మ నుదుటి మీద పట్టీ చిన్నదైంది. ల్యాబులో పెట్టె అప్పజెబితే మేనేజరమ్మ బొటనవేలు చూపించింది.

కారులోకి వచ్చి కూర్చోగానే ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూశావా! సందుల్లోంచి తెచ్చాను కాబట్టి ఇంత తొందరగా అయింది. రూట్‌మాస్టరంటే ఏమనుకున్నావు?"

"మీరుండగా నాకేం భయం" అన్నాను.

సాయంత్రం తలనొప్పి మాత్ర వేసుకున్నాను.

జూన్ 18, బుధవారం

నాలుగు రోడ్ల మధ్యలో ఉండగా ఒక పేషెంటు ఫోన్ చేశాడు. ఫోన్ మోగగానే దారి చెప్పే గొంతు మాయమైంది. "మేడం, ఎంతసేపు? ఆకలేస్తోంది" అని చెవిలో పేషెంటు. "కుడికి, కుడికి" అని పక్కన ఈయన. తల తిప్పి సంచిలో చెయ్యి పెట్టాను. ఎదురుగా సైకిలు.

బ్రేకు నేను తొక్కానో, ఆయన కాలు తొక్కిందనుకుని బండే ఆగిందో తెలియదు. సైకిలాయనకు ఏమీ కాలేదు. నన్ను చూసి చెయ్యి తిప్పి "చూస్కోవాలి కదమ్మా" అని పోయాడు.

ఆయన పెట్టెని రెండు చేతులతో పొదివి పట్టుకుని ఉన్నారు. "ఏమైంది?" అని కూడా అడగలేదు.

ఫోనుతో ఇక పని జరగదు. తెర కావాల్సిందే. ఏదో ఒకటి. రేపు తేల్చేయాలి.

జూన్ 19, గురువారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడో ఇంటికి వెళ్తున్నాం. ఫోను తిన్నగా పొమ్మంటోంది. ఆయన మొదటి రెండిళ్ళకీ ఎక్కువ మాట్లాడలేదు. ఉన్నట్టుండి "మెల్లగా. ఇప్పుడు ఎడమకి తిప్పు" అన్నారు.

నేను తిన్నగానే పోతూ "ఆ, తిప్పుతున్నా" అన్నాను.

కాసేపాగి "తిరిగావా?"

"తిరిగాను."

ఆయన పెట్టె మూతని అరచేత్తో నెమ్మదిగా తుడిచారు. దాని మీద దుమ్మేమీ లేదు.

"అక్కడ ఎడమకి సందు లేదు. పశువుల ఆసుపత్రి గోడ అది. నేను బస్సు నడిపినన్నాళ్ళూ గోడే. గోడలోంచి ఎలా తిప్పావు?"

ఏదైనా చెప్పచ్చు, గోడ పడగొట్టారని చెప్పచ్చు. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. ఎలాగూ ఈయనకు కనబడదు కదా అనే ఆలోచన వచ్చింది చూడు, దానికి నామీద నాకే అసహ్యం వేసింది.

"బండి మలుపు తిరిగితే పెట్టె అటో ఇటో జరిగి నా పొట్టకి ఆనుతుంది. నేను ఎడమంటే అది నిలబడే ఉంటుంది. నేను తిన్నగా అంటే అది జరుగుతుంది. నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నా" అన్నారు. చూస్తున్నా అనే అన్నారు.

అప్పుడే చెవిలో ఉన్నది బయటికి వినబడేంత గట్టిగా మాట్లాడింది. మూడు వందల మీటర్ల తర్వాత కుడికి తిరగండి.

"చెబుతోందిగా" అన్నారు ఆయన. "తిరుగు."

తర్వాత ల్యాబుదాకా ఫోనే దారి చెప్పింది. దిగేటప్పుడు పెట్టె నా చేతికి ఇస్తూ, "నన్ను దేనికి తిప్పుతున్నావు మరి? బరువుకా?" అన్నారు.

జూన్ 20, శుక్రవారం

ఆయన రాలేదు. షర్టు ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను. వేసుకోలేదు.

షోరూముకి ఫోన్ చేసి సోమవారందాకా గడువు అడిగాను. ఇంత చిన్న విషయానికి ఇన్నాళ్ళా అని సేల్స్ ఆవిడ అనలేదు గానీ గొంతులో ఉంది.

జూన్ 21, శనివారం

ఒక్కదాన్నే వెళ్ళాను. పెట్టెని పక్క సీట్లో పెట్టి బెల్టు పెట్టాను. ప్రతి గతుకుకీ అది ఎగిరిపడుతుంటే ఒక కన్ను దాని మీద, ఒక కన్ను రోడ్డు మీద. ఫోను చెప్పినట్టే వెళ్ళాను. ఎక్కడా తప్పలేదు. ఎవరూ అరవలేదు. టైముకే అయింది.

టీచరమ్మ అడిగింది, "సారేరీ? ఒంట్లో బాలేదా?" అని. ఆవిడకు ఆయన ఎప్పుడూ కనబడింది కారు అద్దంలోంచే. అయినా అడిగింది.

అంతా బాగా జరిగింది. ఇలాగే అలవాటైపోతుంది. అలవాటైపోతుందనే భయమేస్తోంది.

జూన్ 22, ఆదివారం

మధ్యాహ్నం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నారు. చూపున్న నేను తీసినదానికంటే పల్చగా తీస్తారు. మూడు రోజుల్లో నాతో మాట్లాడిన మాటలు ఉప్పు, నీళ్ళు, తువ్వాలు. అంతే. నేను ఎదురుగా కూర్చున్నాను, చేతిలో ఏ పనీ లేకుండా.

"సినిమా హాలు ఉందా?" అన్నారు, తల ఎత్తకుండా.

ఇది వస్తుందని నాకు తెలుసు.

"లేదు."

"ఎప్పుడు పోయింది?"

"రెండేళ్ళు దాటింది."

"రోజూ అడుగుతుంటే దాటాం దాటాం అన్నావు."

"దాటాం కదండీ. అది ఉన్న చోటు దాటాం."

నవ్వుతారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. నవ్వలేదు. ఇంకో దుంప తీసుకున్నారు. సగం చెక్కు తీశాక ఆపి, "ఇంకా ఏమేమి లేవు?" అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. పాత వంతెన కింద చెరుకు రసం కొట్టు లేదన్నాను. బేకరీ దగ్గర గుంత లేదన్నాను. గడియారాలు బాగుచేసే సందు మొత్తం రోడ్డులో కలిసిపోయిందన్నాను. నాలుగు రోడ్ల మధ్య నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ తీసేసి పైనుంచి ఫ్లైఓవర్ వేశారు, అందుకే అక్కడ మీకు ఎండ తగలడంలేదన్నాను. డిపో ఉంది గానీ గేటు ఇటువైపు లేదు, వెనక్కి మార్చారన్నాను. ఒకటి చెబితే ఇంకోటి గుర్తొస్తోంది. ఆపుదామన్నా ఆగడంలేదు. ఆయన ఒక్కోదానికీ తల ఊపుతున్నారు, ఎవరో పోయారని కబురు వింటున్నట్టు.

"అంటే నేను ఏ ఊళ్ళో కూర్చుని నీకు దారి చెబుతున్నాను?"

నాకు ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ఏడిస్తే ఆయనకు తెలియదని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను. ఆయన చెయ్యి చాపి బల్ల మీద నా చెయ్యి వెతికి, దాంట్లో కత్తి లేదు గదా అన్నట్టు తడిమి చూసి, పట్టుకున్నారు.

"ఆ టీచరమ్మ పడింది నావల్ల."

"మనిద్దరి వల్ల. కొట్టు లేదని నేను చెప్పలేదు."

"నన్ను బుజ్జగించకు."

"బుజ్జగించడంలేదండీ. మీరు అరుస్తారని చెప్పలేదు. అదీ నిజమే."

ఆయన నా చెయ్యి వదిలి, సగంలో ఆపిన దుంప చెక్కు తీశారు. తర్వాత "అరుస్తాను" అన్నారు. "తెలియనప్పుడే ఎక్కువ అరుస్తాను. డిపోలో కూడా అంతే."

దుంపలు నీళ్ళలో వేసి చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ అడిగారు.

"ఇంతకీ కంపెనీదా? బయటిదా?"

మీకెవరు చెప్పారన్నాను.

"తమ్ముడు నాకు మొదటిరోజే చెప్పాడు. వాడి కడుపులో మాట దాగుతుందా? నువ్వు చెబుతావని చూశాను."

మూడు వారాలు ఇద్దరం ఒకే కారులో, ఒకే విషయం దాచుకుని తిరిగామన్నమాట.

జూన్ 23, సోమవారం

ముందు షోరూముకి వెళ్ళాం. సేల్స్ ఆవిడ మంచి మనిషే. ఆయన నల్లకళ్ళద్దాలు ఎండకోసం అనుకుంది పాపం. తెర వెలిగించి, "చూడండి సార్, ఎంత క్లియర్‌గా ఉందో" అంది.

"చాలా క్లియర్‌గా ఉందమ్మా" అన్నారు ఆయన మర్యాదగా. నేను తల దించుకున్నాను. ఆవిడకు అర్థమై ముఖం ఎర్రబడింది.

ఆయన చెయ్యి చాపి తెరని వేళ్ళతో పైనుంచి కిందికి తడిమారు. అంతా నున్నటి అద్దం. ఒక అంచు లేదు, మీట లేదు. వేలు తగిలిన చోటల్లా అది ఏదేదో తెరుచుకుంటోంది. పాట వచ్చింది, ఫ్యాను పెరిగింది.

"దీన్ని దారి ఎలా అడగాలమ్మా?"

"మాటతో అడగచ్చు సార్. స్టీరింగు మీద బటన్ ఉంటుంది, మేడం నొక్కి చెప్పాలి."

"అంటే బండి నడిపేది ఆవిడే, అడిగేది ఆవిడే, వినేది ఆవిడే. మరి నేను?"

"మీరు హాయిగా కూర్చోండి సార్."

"హాయిగా కూర్చోవడమే నాకు రాదమ్మా" అన్నారు.

మరిది కొట్టుకి వెళ్ళేసరికి నా బుర్ర వేడెక్కిపోయింది. మరిది పెద్ద పెద్ద తెరలు వరసగా వెలిగించాడు. ఆయన అన్నిటినీ తడిమి "ఇదీ అద్దమే. ఇదీ అద్దమే" అంటూ పోయారు. "అన్నయ్యా, ఈ రోజుల్లో అన్నీ అద్దాలేరా బాబూ" అని మరిది నెత్తి గోక్కున్నాడు. అన్నయ్యని రా బాబూ అన్నానని నాలిక్కరుచుకున్నాడు. అప్పుడు ఏదో గుర్తొచ్చి లోపల అటక మీంచి ఒక అట్టపెట్టె దింపాడు. దాని తెర చిన్నది. పక్కన గుండ్రటి మీట, కింద నాలుగు బొత్తాలు.

"పాత రకం. ఎవరూ అడగడంలేదని పైన పడేశా. మ్యాపు మాత్రం కొత్తదే ఎక్కుతుంది."

ఆయన మీట పట్టుకుని తిప్పారు. టక్కు మంది. ఇంకోసారి టక్కు. తిప్పినప్పుడల్లా అది ఒక అక్షరం పలుకుతోంది. ఆయన వేళ్ళు ఆగాయి. మళ్ళీ తిప్పాయి. బస్సు గేరు మార్చేటప్పుడు ఆయన ముఖంలో ఉండే అదొక రకమైన బిగువు. నేను ఎన్నేళ్ళుగా చూడలేదు దాన్ని!

"మాట కూడా వింటుంది అన్నయ్యా. మైకు నీ వైపు పెట్టేస్తా."

ఆయన గొంతు సవరించుకుని "పాత డిపో" అన్నారు.

"పాత టీపాయి దుకాణాలు మూడు ఉన్నాయి" అంది అది.

"డిపో! డి, పో!"

"క్షమించండి. డబ్బా పోయిందా?"

మరిది గల్లాపెట్టె పట్టుకుని నవ్వాడు. ఆయన మాత్రం నవ్వలేదు, దాన్ని కొత్తగా చేరిన కండక్టర్ని కసిరినట్టు కసిరి, మీట తిప్పి, అక్షరం అక్షరం కూర్చి పెట్టారు. చాలాసేపు పట్టింది. ఎవరం తొందరపెట్టలేదు. చివరికి అది డిపో దారి చెప్పింది. వెనక గేటు వైపునుంచి.

ఆయన దాన్ని రెండోసారి చెప్పించుకున్నారు.

నా భయాలన్నీ మరిది ముందు కుప్పపోశాను. పొగ, బ్యాటరీ, వారంటీ. వైరు కొయ్యను, ప్లగ్గుకి ప్లగ్గు కలుపుతానన్నాడు. షోరూముకి ఫోన్ చేస్తే దానివల్ల ఏం పాడైనా మాకు సంబంధం లేదని ఖచ్చితంగా చెప్పేశారు. అమ్మాయికి చేస్తే "ఎవరైనా కొత్త కారులో పాత రకం పెట్టిస్తారా అమ్మా? ఆ తెర నీకు కనబడుతుందా అసలు?" అంది.

"నాకు వినబడితే చాలు. మీ నాన్న చేతికి అందాలి" అన్నాను.

ఎప్పుడు బిగిస్తున్నారని అడిగింది అమ్మాయి.

తెర లేని మోడలే ఇమ్మని షోరూముకి చెప్పేశాను. చెప్పి ఫోన్ పెట్టగానే తప్పు చేశానేమో అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. కానీ ఇంకో ఫోన్ చెయ్యలేదు.

జూలై 4, శుక్రవారం

కారు వచ్చింది. అందాకా ఫోను పెట్టుకుని ఒక్కదాన్నే తిరుగుతానంటే మేనేజరమ్మ ఒప్పుకుంది. మరిది పొద్దంతా కూర్చుని బిగించాడు. సాయంత్రం నేను నాలుగుసార్లు కిందికి దిగి బానెట్ దగ్గర వాసన చూసొచ్చాను. కొత్త ప్లాస్టిక్ వాసన. పొగ వాసన ఎలా ఉంటుందో కూడా మర్చిపోయేలా ఉన్నాను.

జూలై 5, శనివారం

బ్యాటరీ ఉంది. స్టార్టయింది. కట్టేసి పైకి వచ్చాను.

జూలై 7, సోమవారం

ఆయన ఇస్త్రీ షర్టు తనే అడిగి వేసుకున్నారు.

మొదటి ఇంటి అడ్రసు పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఒక అక్షరం తప్పు పడితే మొదటినుంచీ. నాకు లోపల ఒకటే గాభరా. నువ్వు పెట్టేయ్ అని నా చెయ్యి నాకే చెబుతోంది. చేతులు స్టీరింగు మీద గట్టిగా పెట్టుకుని ఊరుకున్నాను. "పద" అన్నారు చివరికి.

"రొండు వందల మీటర్లలో ఎడమనకు తిరగండి" అంది అది.

"ఎడమనకు ఏమిటి, ఎడమకి" అన్నారు ఆయన. దారంతా దాని తెలుగు దిద్దుతూనే ఉన్నారు.

బేకరీ దగ్గర అది తిన్నగా పొమ్మంది. అదే క్షణంలో ఆయన నోట "కుడికి" అని వచ్చేసింది. ఇద్దరు మాట్లాడితే ఏం చెయ్యాలో నాకు తెలియక బండి పక్కకి తీసి ఆపేశాను. ఏదో ఒకటి ఎంచుకోమని మళ్ళీ నన్నే! ఆయన మీట మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు కూర్చున్నారు. బుజ్జగింపు మాట ఒకటి వచ్చింది గానీ మింగేశాను.

"దాని మాట విను" అన్నారు. తేలిగ్గా అన్నారని రాయను. తేలిగ్గా అనలేదు.

టీచరమ్మ ఇంటికి టైముకే వెళ్ళాం. మచ్చ సన్నటి గీతలా మిగిలింది. రక్తం ఇచ్చాక ఆవిడ గుమ్మందాకా వచ్చి కారువైపు చెయ్యి ఊపింది. "టీచరమ్మ చెయ్యి ఊపుతోంది" అని చెప్పాను. ఆయన కూడా ఊపారు, కొంచెం వేరే వైపుకి. తర్వాత నెమ్మదిగా "నేను ఒకసారి దిగి ఆవిడతో మాట్లాడాలి" అన్నారు. రేపు దిగుతారట. సరేనన్నాను.

అక్కడినుంచి అది మమ్మల్ని ఫ్లైఓవర్ ఎక్కించింది. ఆయన ఎప్పుడూ ఇటు పొమ్మనలేదు, ఆయన ఊళ్ళో ఫ్లైఓవర్ లేదు కాబట్టి. బండి పైకి ఎక్కుతుంటే ఆయన సీటుకి వెనక్కి ఆనుకుని పెట్టెని దగ్గరికి లాక్కున్నారు. దిగాక రోడ్డు వెడల్పుగా ఉంది. బళ్ళు తక్కువ. కొంతదూరం అది ఏమీ మాట్లాడలేదు.

తర్వాత "ఇప్పుడు మనం ఎక్కడున్నాం?" అన్నారు.

ఆరేళ్ళలో ఆ మాట ఆయన నన్ను అడగలేదు. ఎక్కడున్నామో ఆయనే నాకు చెప్పేవారు.

ఇన్నాళ్ళూ నేను చూసింది ముందు బండి వెనక లైట్లు, గుంతలు, మలుపులు, ఆయన ముఖం. ఊరు ఎప్పుడు చూశాను? అద్దాలు దింపాను. గాలి లోపలికి వచ్చింది. ఎడమవైపు పొడుగాటి పసుప్పచ్చ బడి ఉందని, పిల్లలు ఇంకా రాలేదని, వాచ్‌మన్ గేటు కడుగుతున్నాడని చెప్పాను. నీళ్ళు రోడ్డుమీదకి పారుతున్నాయన్నాను. టైర్ల కింద ఆ చప్పుడు అదేనా అన్నారు. అదేనన్నాను.

"మరి కుడివైపు?"

"ఉండండి" అన్నాను, "చూసి చెబుతా."